పద్నాలుగో ఇంటి ఫారం

తొమ్మిదో నంబర్ అమ్మాయి తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. తడిసిన గొడుగు మూలన ఆనించి, సర్వే ఆఫీసు లెక్కలబ్బాయి టేబుల్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎందుకొచ్చిందో అతనే చెప్పాలన్నట్టు ముఖంలోకి చూసింది.

అతనికి తెలుసు. ఆమె గురించి పొద్దున డైరెక్టర్‌కి రెండు పేజీల నోట్ పంపింది అతనే. రాసేటప్పుడు మాత్రం ఆమెకి ఇంత పెద్ద కళ్ళుంటాయని తెలియదు. నిజానికి అతను ఎవరి కళ్ళూ చూసే రకం కాదు. ఊళ్ళో మనుషులంతా అతనికి స్క్రీన్ మీద వరుసలుగానే పరిచయం. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: వయసు, దగ్గు, ఆయాసం, పొగ తాగుతాడా లేదా.

అది ఊపిరితిత్తుల సర్వే. ఇరవై ఏళ్ల కింద ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఎవరికి దగ్గుంది, ఎవరికి ఆయాసముంది అని రాసుకున్నారు. ఇప్పుడు మళ్ళీ అదే ఫారంతో తిరుగుతున్నారు, ఎందుకంటే ప్రశ్న మారిస్తే అప్పటికీ ఇప్పటికీ పోలిక చెడుతుంది. అడిగేవాళ్ళు పన్నెండు మంది. ఫారం పైన కుడి మూలన ఎవరి నంబర్ వాళ్ళు వేసి, సాయంత్రం ఆఫీసు గేటు దగ్గరున్న ఇనప పెట్టెలో పడేసి వెళ్తారు. వాటిని కింద గదిలో గుమాస్తా కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. లెక్కలబ్బాయి ఉండే మేడ మీదికి కాగితం ఏనాడూ రాదు. వచ్చిందంటే అతనికి చిరాకు కూడాను.

"నేను దొంగ ఫారాలు నింపానని రాశారట," అంది ఆమె.

"దొంగవి అనలేదండీ. పాత రౌండ్ నుంచి కాపీ చేసినట్టున్నాయి అన్నాను."

"రెండింటికీ తేడా చెప్పండి. శుక్రవారం ఉద్యోగం ఊడేలోపు ఆ ముక్క కూడా నేర్చుకుంటాను."

ఊడే మాట నిజమే. ఆమె చేరి ఆరు నెలలు కూడా కాలేదు. ఫారాలు కల్పించిందన్న మచ్చ ఒకసారి పడితే ఇంకే సర్వేలోనూ గుమ్మం ఎక్కనివ్వరు. శుక్రవారం పదకొండింటికి డైరెక్టర్ గదిలో ఆ సంగతి తేలుతుంది. ఆమె వచ్చింది బుధవారం.

లెక్కలబ్బాయికి మనుషులతో గొడవపడటం చేతకాదు కానీ తను కట్టిన లెక్కల మోడల్ గురించి చెప్పమంటే ఎక్కడ లేని హుషారు. కుర్చీ తిప్పి స్క్రీన్ చూపించాడు. మనుషులు ఇళ్లలో ఉంటారు, ఇళ్లు వీధుల్లో, వీధులు వార్డుల్లో. ఒక కప్పు కింద ఉన్నవాళ్ళు ఒకే పొగ పీలుస్తారు, ఒకరి జబ్బు ఒకరికి అంటిస్తారు, కాబట్టి వాళ్ళను ఎవరికి వాళ్ళే అన్నట్టు లెక్కగట్టకూడదు. దగ్గులో మనిషి వల్ల ఎంత, ఇంటి వల్ల ఎంత, వీధి వల్ల ఎంత అని మెట్లు మెట్లుగా విడదీసి చూడాలి. అడిగిన మనిషి వల్ల ఎంత తేడా వచ్చిందో కూడా అందులోనే తెలిసిపోతుంది. ఒక ఇంట్లో ఇద్దరే ఉంటే ఆ ఇద్దరి మాట మీదే ఇంటిని తీర్మానించకుండా, వీధి సగటు వైపు కొంచెం లాగి చూస్తుంది మోడల్.

"అంటే చిన్న ఇంటి మాట నమ్మదన్నమాట," అంది ఆమె.

"నమ్మదని కాదు. తెలిసింది తక్కువ కాబట్టి తొందరపడదు. పన్నెండు మందిలో పదకొండు మంది దాదాపు ఒక్కచోటే ఉన్నారు చూడండి. తొమ్మిది మాత్రం ఎంత లాగినా దగ్గరికి రావడం లేదు."

ఆమె కోపంలో ఉండి కూడా నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది. అతనికి తనేమన్నాడో రెండు క్షణాల తర్వాత అర్థమై, చెవులు ఎర్రబడ్డాయి. గబగబా మౌస్ కదిలించి అరవై రెండో వీధి తెరిచాడు.

అక్కడికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వు పోయింది. ఆ వీధిలో పదమూడు ఇళ్లు. అన్నింటికీ ఆమె ఫారాలున్నాయి, అవన్నీ పక్క వీధులతో చక్కగా సరిపోయాయి. కానీ పదకొండు ఇళ్లకు, వారం పది రోజులు అటూ ఇటూగా, రెండో ఫారం కూడా వచ్చింది. దాని మీదా తొమ్మిదో నంబరే. రెండో ఫారాల్లో అందరూ ఇరవై ఏళ్లు చిన్నవాళ్ళు. పైగా ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఎక్కువ.

"ఏడో ఇంట్లో మీ మొదటి ఫారం ప్రకారం దర్జీ ఒక్కడే, అరవై రెండేళ్లు," అన్నాడతను. "రెండోదాంట్లో ఆయనకి నలభై రెండు. పక్కన భార్య, ముప్పై ఎనిమిది, రాత్రంతా దగ్గు. పాత రౌండ్‌లో వెతికితే వాళ్ళిద్దరూ ఉన్నారు. ఆ రౌండ్‌లో కూడా ఆ వీధి తొమ్మిదో నంబర్‌దే."

ఆ పాత తొమ్మిది ఎవరో అతను కనుక్కోలేదు. అతనికి నంబర్ చాలు.

ఆమె స్క్రీన్ మీద ఆ వరుసని వేలితో తాకింది. "దర్జీ గారి భార్య పోయి ఇరవై ఏళ్లయింది," అంది మెల్లగా. "ఆ వీధికి నేను ఒక్కసారే వెళ్లానండీ. చివరి ఇళ్లకి వెళ్లినప్పుడు, మొన్ననే వచ్చి రాసుకుపోయారుగా అన్నారు. తప్పించుకోడానికి అంటున్నారనుకున్నా."

కిటికీ బయట వాన ఒక్కసారిగా పెరిగింది.  ఆమె లేచి గొడుగు తీసుకుంది, రేపు మధ్యాహ్నం తనతో ఆ వీధికి రమ్మంది. ఫీల్డ్‌కి వెళ్లే అలవాటు లేదన్నాడతను. అలవాటు లేకుండానే రెండు పేజీలు రాశారు కదా, కాళ్ళకి అంత బరువేం ఉండదులెండి అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పెద్దమ్మ వంటింట్లో ఉంది. అతనికి ఏడేళ్లప్పుడు తల్లి పోతే వేరే పేటలో ఇల్లు తీసుకుని పెంచి పెద్ద చేసింది ఆ పెద్దమ్మే. తనూ ఒకప్పుడు ఈ సర్వేలోనే తిరిగింది. ఏ నంబరో, ఏ వీధులో ఎప్పుడూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఈ మధ్య కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది, అన్నం తిన్నావా అని తిన్న తర్వాత అడుగుతోంది. వయసు మీద పడుతోంది అనుకున్నాడు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు తడిసి ఉన్నాయి. ఇంత వానలో ఎక్కడికెళ్లావంటే, ఎక్కడికీ వెళ్లలేదురా, మధ్యాహ్నం పడుకున్నాను అంది. అతను అరవై రెండో వీధి గురించి, అంతకంటే ఎక్కువగా ఆ పెద్ద కళ్ళ గురించి ఆలోచిస్తూ, ఆ మాట పట్టించుకోలేదు.

*

గురువారం మూడింటికి ఆ వీధి మొగలో బస్సు దిగారు. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, గోడలు నాచు పట్టాయి, మనిషి అలికిడి లేదు. సన్నగా తుంపర పడుతోంది. తను గొడుగు మర్చిపోయానని ఒప్పుకోడానికి మొహమాటపడి, అతను కొంత దూరం తడుస్తూనే నడిచాడు. ఆమె తన గొడుగు కొంచెం పక్కకి జరిపింది. అతని ఎడమ భుజం తడుస్తోంది, కుడి భుజం ఆమె భుజానికి తగులుతోంది. రెండు భుజాల్లో దేని గురించి ఆలోచించాలో అతనికి పాలుపోలేదు.

మొదటి ఇంటి తలుపు తట్టకముందే తెరుచుకుంది. తెరిచిన నడివయసు ఆవిడ వీళ్ళని చూసి, వీళ్ళ వెనక వీధిలోకి తొంగి చూసింది. "ఈ వేళ మీరొచ్చారా?" అంది, ఎదురుచూసింది ఇంకెవరి కోసమో అన్నట్టు. గుమ్మం లోపల గోడకి ఆనించి ఒక కుర్చీ వేసి ఉంది. దాని మీద మడిచిన తువ్వాలు ఉంది, తడిసి వచ్చినవాళ్ళు తుడుచుకోడానికి పెట్టినట్టు. ఎవరి కోసమని అడిగితే ఆవిడ కుర్చీ తీసి లోపల పెట్టేసింది.

రెండో ఇంట్లోనూ అంతే, మూడో ఇంట్లోనూ అంతే. కుర్చీ ఉంది, తువ్వాలు ఉంది, కూర్చోమన్న మాట లేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు, ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిజమూ చెప్పలేదు. మీ ఇంటికి ఇంకెవరైనా వచ్చి అడిగారా అంటే, మీకు కావలసింది రాసుకోండి బాబూ అన్నారు.  ఇన్నాళ్ళూ వరుసలుగా చూసిన మనుషులు కళ్ళెదుట నిలబడి, అంతా కలిసి ఒకే సంగతి దాస్తున్నారు.

ఏడో ఇంట్లో దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో నిండా టీ, ఇంకా కొద్దిగా ఆవిరి వస్తోంది. ఇంట్లో ఇంకెవరున్నారని అతను అడిగాడు. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ, ఎవరూ లేరన్నాడు. మరి ఆ కప్పు ఎవరిదని అడిగాడు. మిషను చక్రం గిర్రున తిరిగింది.

తొమ్మిదో నంబర్ అమ్మాయి అప్పటికే బయటికి వెళ్లింది. అతను వచ్చేసరికి వీధి చివర, వాన మసకలో, రెండు గొడుగులు కనిపించాయి. ఒకటి ఆమెది. రెండోది నల్లది, పాతది, ఒక పక్కకి వంగి ఉంది. అతను అడుగు వేగం పెంచాడు. మధ్యలో ఒక ఇంటి చూరు అడ్డొచ్చింది. దాటి చూసేసరికి ఒక్క గొడుగే ఉంది.

పదమూడో ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది. ఇల్లు లేదు, గోడలు లేవు, గడ్డిలో మూడు మెట్లు మాత్రం మిగిలాయి. వాటి పైన తలుపు ఉండాల్సిన చోట గాలి ఉంది. ఆ మెట్ల ముందు అతను ఆగిపోయాడు. మూడో మెట్టు కుడి అంచు విరిగి ఉంటుందని చూడకముందే తెలిసింది. చూశాడు, విరిగే ఉంది. ఎలా తెలిసిందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"ఇంకో గొడుగు కనిపించింది," అన్నాడు.

"వానలో అలాగే కనిపిస్తుంది," అంది తొమ్మిది. ఆమె ముఖంలో రంగు లేదు. బస్సు దాకా నడిచి, ఆగి, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది. ఇంకోరోజైతే ఆ ప్రశ్నకి అతను గాల్లో తేలిపోయేవాడు. నేనూ మా పెద్దమ్మా అన్నాడు. ఆవిడ మధ్యాహ్నాలు ఏం చేస్తారని అడిగింది. పడుకుంటుందన్నాడు.

ఆమె గొడుగు అతని చేతిలో పెట్టింది. "మీ నోట్ అలాగే ఉంచండి. ఇక వెతకొద్దు," అని బస్సెక్కకుండా వానలోకి నడిచి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పొద్దున ఆఫీసుకి వెళ్లగానే ఆమె ఉత్తరం నకలు అతని టేబుల్ మీద ఉంది. అరవై రెండో వీధి రెండో ఫారాలు తనే నింపానని, తప్పు తనదేనని, ఏ నిర్ణయానికైనా సిద్ధమని నాలుగు లైన్లలో డైరెక్టర్‌కి రాసింది. అతను గెలిచాడు. గెలిచినవాడికి ఇంత బాధగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ కళ్ళు తనని మోసం చేశాయనుకున్నాడు, ఆ వెంటనే, మోసపోయినా ఫరవాలేదు ఆమె ఇక్కడే ఉంటే బాగుండనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

కోపం వస్తే అతను చేసే పని ఒక్కటే, లెక్క మళ్ళీ చూడటం. పాత రౌండ్ ఫైలు ఒక పక్క, రెండో ఫారాల వరుసలు ఇంకో పక్క పెట్టాడు. వయసులు సరిపోయాయి, మనుషులు సరిపోయారు. దగ్గు సరిపోలేదు. పాత రౌండ్‌లో దర్జీ భార్యకి దగ్గు 'అప్పుడప్పుడు' అని ఉంది. రెండో ఫారంలో 'రాత్రంతా'. ఇంకో ఇంట్లో ముసలాయనకి పాత రౌండ్‌లో ఆయాసం లేదు, రెండో ఫారంలో నాలుగడుగులు వేయలేడు. పదకొండు ఇళ్లలోనూ అంతే. ఎక్కువగా ఉన్న ఆ పదకొండు మందికీ జబ్బు ముదిరింది. సర్వే అయిపోయిన నెలకో రెండు నెలలకో వాళ్ళని చూసినవాళ్ళకి తప్ప అది తెలియదు. అది ఏ ఫైల్లోనూ లేదు. లేనిదాన్ని ఎవరూ కాపీ చేయలేరు.

అతను మొదటిసారి కింద గదికి దిగి, కాగితాలు చూపించమన్నాడు. గుమాస్తా వింతగా చూసి కట్ట ఇచ్చాడు. సగం ఫారాలు తెల్లగా ఉన్నాయి, సగం పసుపు పచ్చగా ఉన్నాయి. పచ్చవాటికి కలరా ఉండల వాసన వేస్తోంది, బీరువాలో ఏళ్ల తరబడి దాచినట్టు. ఇంత తేడా ఉంటే నాకెందుకు చెప్పలేదని అడిగాడు. మీరు కాగితం రంగు రాసే గడి ఎక్కడ పెట్టారు సార్ అన్నాడు గుమాస్తా. అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఇంకోటి కూడా ఉందండీ," అన్నాడు గుమాస్తా సొరుగు తీసి. "ఈ పొద్దున పెట్టెలో వచ్చింది. పద్నాలుగో ఇల్లట. ఆ వీధిలో పదమూడే ఉన్నాయి కదా, ఎక్కించలేక పక్కన పెట్టాను."

ఇంట్లో ముగ్గురు. ఇంటి పెద్ద, ఆడ, నలభై ఒకటి, ఉద్యోగం సర్వే. చెల్లెలు, ముప్పై మూడు, దగ్గులో రక్తం. పిల్లవాడు, ఏడేళ్లు, ఏ జబ్బూ లేదు. కింద ఖాళీ జాగాలో గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి: 'పిల్లవాణ్ణి ఈ గదిలో పడుకోబెట్టడం లేదు. రేపు ఎలాగైనా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.'

ఆ అక్షరాలు అతనికి తెలుసు. రోజూ సరుకుల చీటీ మీద చూస్తాడు. కలరా ఉండల వాసన వాళ్ళ బీరువాదే. విరిగిన మెట్టు మీద కూర్చుని తను చెప్పులు వేసుకునేవాడు. ఏడేళ్ల ఆ పిల్లవాడి వరుస చదువుతూ, గుమాస్తా ముందే, అతను ఏడ్చాడు. పెద్దమ్మ మతి తప్పుతోందని, ఆ తప్పడంలో ఇరవై ఏళ్లు వెనక్కి నడిచి వెళ్తోందని, ఒకే కప్పు కింద ఉంటూ తను చూడలేదని ఒక్కసారిగా అర్థమైంది.

డైరెక్టర్ గది బయట బెంచీ మీద తొమ్మిది కూర్చుని ఉంది. అతను వెళ్లి పక్కన కూర్చున్నాడు. చేతిలో ఫారం చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

"ఆ మెట్ల మీద నిలబడి, లేని తలుపు కొడుతున్నారండీ," అంది ఆమె. "నేను భయపడి చచ్చాను. నన్ను చూసి, లోపల మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదు, గట్టిగా మాట్లాడకు అన్నారు. మా వాడు సర్వే ఆఫీసులో పెద్ద లెక్కలు వేస్తాడు, వానలో తిరిగానని వాడికి చెప్పకు, బెంగపెట్టుకుంటాడు అన్నారు. ఒక్క మాటలో ఇరవై ఏళ్ల కిందుంటారు, ఇంకో మాటలో ఇవాళ్టికి వస్తారు. దారి మాత్రం మర్చిపోలేదు, పక్క సందులోకి తిరిగి తిన్నగా బస్సుకి వెళ్లిపోయారు. తర్వాత మీరు వచ్చారు, ఏమీ తెలియకుండా, తడిసిపోయి. నాకు చెప్పడానికి నోరు రాలేదు."

"దానికి ఉద్యోగం వదులుకుంటారా?"

"నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మీకు ఇంకో పెద్దమ్మ దొరకదుగా. ఆఫీసంతా ఆవిడని చూసి నవ్వడం నాకిష్టం లేదు."

ఆ క్షణంలో అతనికి ఆమె మీద పుట్టింది ప్రేమేనని చెప్పడానికి మోడల్ ఏమీ అక్కర్లేదు. "మీ గురించి నాకు తెలిసింది ఒక్క వీధి," అన్నాడు. "దాని మీదే తీర్మానించేశాను. నా మోడల్ కూడా ఇంత తొందరపడదు. నన్ను క్షమించండి." ఆమె అతని చేతిలోంచి ఫారం తీసుకుని మడత నలగకుండా సంచిలో పెట్టుకుంది.

లోపల మాట్లాడింది అతనే. నోట్ తప్పని, ఉత్తరం అబద్ధమని, రెండో ఫారాలు ఎవరివో, నంబర్‌ని మనిషి అనుకోవడంలో తను ఎక్కడ పప్పులో కాలేశాడో, ఏదీ దాచకుండా చెప్పాడు. డైరెక్టర్ పెద్దాయన, పాత రౌండ్‌లో చిన్న ఉద్యోగి. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ వీధి సంగతి ఆయనకి గుర్తుంది. పెద్దమ్మ ఆ ఇళ్ల దగ్గులన్నీ రాసుకొచ్చి ఇచ్చింది, రిపోర్టు రెండేళ్లకి వచ్చింది, ఈలోపు జబ్బు ఆ ఇళ్లలో ఒక్కొక్కరిని పట్టుకుపోయింది. సర్వే అయ్యాక కూడా ఆవిడ తనంతట తను వెళ్లి అడిగేదని, రాసుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయానని ఏడ్చేదని చెప్పాడు. ఒకరి నంబర్ ఇంకొకరికి ఇవ్వడం ఆఫీసు తప్పన్నాడు. పచ్చ ఫారాలు లెక్కలోంచి తీసేయమన్నాడు, కానీ చించొద్దన్నాడు. తొమ్మిది ఉత్తరం ఆమె చేతికే తిరిగి ఇచ్చి, మధ్యాహ్నం ఇద్దరికీ సెలవన్నాడు.

ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎక్కడుంటుందో ఇద్దరికీ తెలుసు.

*

ఈసారి దర్జీ మిషను ఆపాడు. అబ్బాయి ముఖం చూసి, ఇక దాచడం అనవసరమనుకున్నాడేమో, కూర్చోమన్నాడు. "ఆవిడ వస్తారు. మా ఆవిడ దగ్గు ఎలా ఉందని అడుగుతారు," అన్నాడు. "ఈ లోకంలో ఆ మాట అడిగేవాళ్ళు నాకింకెవరున్నారు బాబూ? మొదటిసారి రాత్రంతా దగ్గని తనే రాసుకుని ఏడ్చారు, అప్పట్నుంచి తగ్గిందమ్మా అంటాను. సంతోషపడి, టీ తాగి వెళ్తారు. మీరొచ్చి ఆపేస్తారని ఎవరం చెప్పలేదు." ఆపనని అతను మాటిచ్చాడు. తగ్గిందన్న మాట విన్న మర్నాడే ఆవిడ మర్చిపోయి మళ్ళీ వస్తుందని ఇద్దరికీ తెలుసు.

పెద్దమ్మ మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. నల్ల గొడుగు ఒక పక్కకి వంగిపోయి ఉంది, ఒళ్ళో పచ్చ ఫారాల కట్ట. తలుపు లేని ఆ జాగాలోంచి గాలి వచ్చి ఆమె జుట్టు కదుపుతోంది. అటు వెళ్లడానికి అతనికి ఇప్పటికీ భయంగానే ఉంది. తొమ్మిది అతని చెయ్యి పట్టుకుంది. వెళ్లి చెరో పక్కన కూర్చున్నారు.

"తడిశావురా," అంది పెద్దమ్మ, కొంగుతో అతని తల తుడుస్తూ. తర్వాత రెండో పక్కకి తిరిగి చూసింది. "నువ్వు నిన్నటి అమ్మాయివి కదూ? మంచిదానివి, వాడికి చెప్పలేదు." కట్టలోంచి కొత్త ఫారం తీసింది, కుడి మూలన తొమ్మిది వేసింది, ఒక్కో గడీ నింపుతూ వచ్చింది. తన వయసు రాసింది, చెల్లెలి వయసు రాసింది. అబ్బాయి దగ్గర కొంచెం ఆగి, అతని ముఖంలోకి చూసి, ఇరవై ఏడు అని రాసింది. కలం నాలుగో వరుస మీదికి వచ్చింది.

"ఇంటి పెద్దకి ఏమవుతావమ్మా?"

"ఇంకా ఏమీ కానండీ," అంది తొమ్మిది. "మీ వాడు అడగలేదు."

"ఏమిట్రా ఇది? ఈ గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో ఫారం తీసుకోరు. అడుగు."

 ఏవేవో చెప్పాలనుకున్నాడు, అన్నీ పోయాయి. "నాకు ఇంట్లో చూడాల్సినవి చూడటం రాదు," అన్నాడు. "పెద్దమ్మకి ఇంకా కష్టం అవుతుంది. సుఖంగా ఉంటుందని చెప్పను. కానీ నువ్వంటే నాకు ప్రాణం. మా ఇంటికి వస్తావా?"

ఆమె అతన్ని కాసేపు అలాగే ఉంచింది. రెండు పేజీల నోట్‌కి ఆ మాత్రం శిక్ష వేయాలనుకుంది కాబోలు. తర్వాత ఫారం మీదికి వంగి, గడి ఎక్కడుందో వేలితో చూపించింది.

"కోడలు అని రాసుకోండి, అత్తయ్యా."

పెద్దమ్మ రాసింది, గుండ్రంగా, తీరిగ్గా. కింద మొత్తం దగ్గర 'నలుగురు' అని వేసింది. అతను చూశాడు, ఆమె కూడా చూసింది. ఇద్దరూ దిద్దలేదు. వాళ్ళ వెనక ఖాళీ జాగాలో గడ్డి కదిలింది, గాలి ఆగి ఉన్నా కూడా. ఎవరూ తిరిగి చూడలేదు.

పెద్దమ్మ తర్వాతి ప్రశ్నకి వచ్చింది. ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని అడిగి, కలం పట్టుకుని ఎదురుచూసింది. 

"లేదు పెద్దమ్మా," అన్నాడతను. "తగ్గిపోయింది. ఎవరికీ లేదు."